నాన్నగారి పేరున ఉన్న ఇంటిపై సోలార్ ప్యానెళ్లు: తమ్ముడు, పక్కింటివారు అడ్డుకోగలరా?

ప్రశ్న: మాది పల్లెటూరు. నాన్నగారు సొంత సంపాదనతో స్థలం కొని కట్టిన డాబా ఇంట్లో నేను, అమ్మ, నా భార్యాపిల్లలు ఉంటున్నాం. నాన్నగారు 2018లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. కరెంటు మీటరు ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. శ్లాబుపై 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామంటే, హైదరాబాదులో ఉంటున్న తమ్ముడు ఉమ్మడి ఇల్లు కాబట్టి ఒప్పుకోనంటున్నాడు. చెల్లెలికి పెళ్లయి అత్తవారింట్లో ఉంది. దక్షిణం వైపు పక్కింటివారు పై అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారు, ఆ నీడ మా శ్లాబు మీద పడుతుంది. ప్యానెళ్లు బిగించే ఏజెన్సీ వారేమో డబ్బు మొత్తం ముందే కట్టమంటున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: ప్యానెళ్ల కోసం ఒక్క రూపాయి చెల్లించే ముందు మీరు తేల్చుకోవలసింది, ఆ శ్లాబుపై మీకున్న హక్కు ఎంత అన్నది. మీరు హిందూ వారసత్వ చట్టం పరిధిలోకి వచ్చే కుటుంబమని భావించి చెబుతున్నాను. ఇల్లు మీ నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు కనుక, 1956 నాటి ఆ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం అది మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి, మీ చెల్లెలికి సమానంగా, అంటే ఒక్కొక్కరికి నాలుగో వంతు చొప్పున సంక్రమించింది. మీ ఉత్తరంలో తమ్ముడి అభ్యంతరం గురించి వివరంగా రాశారు గాని, చెల్లెలి సమ్మతి అడిగినట్టు ఎక్కడా లేదు. పెళ్లి కావడం వల్ల ఆమె వాటా పోదు. తమ్ముడిని ఎలా అడిగారో ఆమెనూ అలాగే అడగవలసి ఉంటుంది. ఆమె సంతకం లేని ఏ కాగితమూ రేపు మిమ్మల్ని పూర్తిగా కాపాడదు.

ఉమ్మడి ఆస్తిలో ప్రతి హక్కుదారుకూ ఆస్తి మొత్తాన్ని సహేతుకంగా వాడుకునే హక్కు ఉంటుంది, అయితే మిగిలినవారిని పూర్తిగా వెలివేసే విధంగా వాడుకోకూడదు. 3 కిలోవాట్ల ప్యానెళ్లకు సుమారు 300 చదరపు అడుగుల చోటు పడుతుంది. మెట్ల దారి, నీళ్ల ట్యాంకు, మిగతా శ్లాబు అందరికీ అందుబాటులో ఉండేలా ఒక పక్కగా అమర్చుకుంటే, మీ తమ్ముడు కోర్టుకు వెళ్లినా ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోవడం అంత సులభం కాదు. శ్లాబంతా కప్పేస్తే మాత్రం ఆయన వాదనకు బలం వస్తుంది. అయితే మీకు అసలు ప్రమాదం ఇంజంక్షన్ వల్ల కాదు. ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు భాగపంపిణీ దావా వేయవచ్చు, అప్పుడు మీరు పెట్టిన ఖర్చును మిగిలినవారు తిరిగి ఇచ్చి తీరాలన్న నియమం లేదు. మీరు బాగుచేసుకున్న భాగాన్ని వీలైనంతవరకు మీ వాటాకే కేటాయించడానికి కోర్టులు న్యాయదృష్టితో ప్రయత్నిస్తాయి, కాని అది ఇంటి స్వరూపాన్ని బట్టి, న్యాయమూర్తి విచక్షణను బట్టి ఉంటుంది.

అందువల్ల నలుగురి సంతకాలతో ఒక ఒప్పంద పత్రం రాసుకోండి. ప్యానెళ్లు, ఇన్వర్టరు, ఇనుప స్టాండ్లు మీ సొంత డబ్బుతో కొన్నవని, అవి ఇంటిలో భాగం కావని, రేపు పంపకాలు జరిగితే శ్లాబుకు నష్టం లేకుండా వాటిని మీ ఖర్చుతో విప్పుకొని పోవచ్చని, వాటిని పెట్టినంత మాత్రాన శ్లాబుపై మీకు ప్రత్యేక హక్కేదీ రాదని అందులో స్పష్టంగా ఉండాలి. ఈ చివరి మాటను మీ అంతట మీరే రాసిస్తామని చెప్పండి. అన్న పల్లెలో ఇల్లు ఆక్రమించుకుంటాడేమోనన్న భయమే ఇలాంటి అభ్యంతరాలలో చాలావాటి వెనుక ఉంటుందని నా అభిప్రాయం. ఆ భయం తీరితే ప్యానెళ్ల మీద ఆయనకు వేరే పగ ఉండదు. ఇది కేవలం సమ్మతి పత్రమైతే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. శ్లాబును శాశ్వతంగా మీ భాగానికి కేటాయించుకుంటే అది భాగపంపిణీ దస్తావేజు అవుతుంది, దాన్ని రిజిస్టరు చేయించక తప్పదు.

ఇక మీటరు సంగతి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు, మొత్తం 78,000 రూపాయలు గరిష్ఠంగా కేంద్ర సబ్సిడీ వస్తుంది. దరఖాస్తు సర్వీసు నంబరు ఆధారంగా జరుగుతుంది, సబ్సిడీ దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాకు చేరుతుంది కనుక, చనిపోయిన వ్యక్తి పేరున ఉన్న సర్వీసుతో ముందుకు వెళ్లడం మంచిది కాదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం జతచేసి పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. నా సలహా, సర్వీసును మీ అమ్మగారి పేరుకు మార్పించండి. మీ పేరున అంటే సంతకం పెట్టని తమ్ముడు అమ్మ పేరున అంటే పెట్టే అవకాశం ఎక్కువ. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది: అన్ని కాగితాలూ ఆమె పేరున ఉంటే ప్యానెళ్లు కూడా ఆమె ఆస్తిగానే కనిపిస్తాయి, ఆమె తదనంతరం హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ కింద పిల్లలందరికీ సమానంగా వెళ్తాయి. కాబట్టి డబ్బు మీ ఖాతా నుంచే చెల్లించి, ఆ సంగతిని పైన చెప్పిన ఒప్పందంలో నమోదు చేయండి. మీటరు ఎవరి పేరున ఉంటే ఇల్లు వారిదైపోతుందన్న అపోహ మన ఊళ్లలో గట్టిగా ఉంది. కరెంటు సర్వీసు యాజమాన్య హక్కు పత్రం కాదు. ఈ మాట మీ తమ్ముడికి కూడా చెప్పండి.

విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో జరిగిన సవరణ ప్రకారం, 10 కిలోవాట్ల వరకు ఇంటిపై సోలార్ దరఖాస్తులను సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు పరిగణించాలి. మంజూరైన లోడు తక్కువగా ఉంటే దానిని డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) తగిన మేరకు పెంచాలి. మీరు లైనుకు ఇచ్చిన కరెంటును, లైను నుంచి తీసుకున్న కరెంటును లెక్కించే నెట్ మీటరు విషయంలో జాప్యం జరిగితే, 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

పక్కింటి నీడ విషయంలో మీకు నచ్చని జవాబే చెప్పాలి. తన స్థలంలో నిబంధనల ప్రకారం పై అంతస్తు వేసుకునే వ్యక్తిని, మీ ప్యానెళ్లకు ఎండ తగలదన్న కారణంతో మీరు ఆపలేరు. పక్కవారి స్థలం మీద కలిగే వాడుక హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోని 15వ సెక్షన్ కింద 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించిన వెలుతురుపై హక్కు వస్తుందన్నది నిజమే, కాని ఆ హక్కు ఇంటి కిటికీలు, గుమ్మాల వంటి వాటి ద్వారా లోపలికి వచ్చే వెలుతురుకు సంబంధించినది. ఇంకా బిగించని ప్యానెళ్లకు 20 ఏళ్ల అనుభవం ఉండే ప్రసక్తే లేదు. పక్కవారు గ్రామపంచాయతీ అనుమతి లేకుండానో, వదలవలసిన ఖాళీ స్థలం వదలకుండానో కడితే మీరు పంచాయతీకి ఫిర్యాదు చేయవచ్చు. అయినా అనుమతి ప్రకారం కట్టిన గోడ నీడను ఏ అధికారీ తొలగించలేడు. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం సూర్యుడు దక్షిణం వైపుగా వాలి ప్రయాణిస్తాడు, ప్యానెళ్లను దక్షిణ ముఖంగానే అమరుస్తారు. ఒక్క ప్యానెల్‌పై నీడ పడినా దానితో వరుసగా కలిపిన మిగతా వాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. అందుచేత పక్కింటివారి ప్లాను ముందే అడిగి తెలుసుకొని, ప్యానెళ్లను శ్లాబు ఉత్తరపు అంచున, ఎత్తైన స్టాండ్లపై పెట్టించుకోవడం కోర్టు కంటే మేలైన మార్గం. వారు ఇష్టపడితే, ఫలానా ఎత్తుకు మించి కట్టబోమన్న హామీని తగిన ప్రతిఫలం ఇచ్చి రిజిస్టర్డ్ దస్తావేజుగా రాయించుకోవచ్చు. నోటిమాటగా ఇచ్చిన హామీ, ఆ ఇల్లు చేతులు మారిన నాడు మీకు ఎందుకూ కొరగాదు.

ఏజెన్సీకి డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. ఆ సంస్థ సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చూసి, సామగ్రి చేరినప్పుడు కొంత, బిగించినప్పుడు కొంత, నెట్ మీటరు పెట్టి ఉత్పత్తి మొదలయ్యాక మిగిలినది అన్న షరతులతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో మన దేశంలోనే తయారైన ప్యానెళ్లే వాడాలి. ఆ ధ్రువపత్రం, జీఎస్టీ బిల్లు, ఐదేళ్ల నిర్వహణ హామీ చేతికి తీసుకోండి. మామూలు గ్రిడ్ అనుసంధాన ఇన్వర్టరు కరెంటు పోయినప్పుడు, లైనుపై పనిచేసే సిబ్బంది భద్రత కోసం, తనంతట తానే ఆగిపోతుంది. కోతల సమయంలోనూ ఫ్యాన్లు తిరుగుతాయని ఏజెన్సీ చెప్పి ఉంటే, బ్యాటరీతో కూడిన వ్యవస్థ ఇస్తున్నారా అని అడిగి దాన్ని కూడా ఒప్పందంలో రాయించండి. మాట తప్పితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, ఏజెన్సీ ఏ ఊరిదైనా సరే, లోపం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు; చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే దానికి ఫీజు కూడా ఉండదు.