గుజ్జు పెంచుతామనే ఇంజెక్షన్లకు డబ్బు కట్టే ముందు

మీ నాన్నగారికి 62 ఏళ్ళనీ, మోకాళ్ళలో గుజ్జు (కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే నున్నటి పొర) అరిగిందని చెప్పి, ఆయన రక్తమే తీసి మళ్ళీ మోకాలికి ఎక్కించే కోర్సుతో అది పెరుగుతుందంటున్నారనీ, చేయించవచ్చా అనీ అడిగారు. నన్నడిగితే వద్దంటాను. ఆ వయసులో అరిగిన గుజ్జును మునుపటిలా పెంచుతుందని రుజువైన ఇంజెక్షన్ ఇప్పటికి లేదు. నేను డాక్టరును కాను. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో పుట్టి, మా అమ్మ మోకాళ్ళ కోసం ఆస్పత్రులు తిరిగి, ఆ కోపంతోనే ఈ విషయమై దొరికిందల్లా చదివినవాణ్ణి.

మా వైపు ఎవరికి కీళ్ళ నొప్పి వచ్చినా నేరం ముందు నీళ్ళ మీదికే పోతుంది. అందుకు కారణం లేకపోలేదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అంటే తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను పాడుచేసే జబ్బు గురించి, 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడివారిలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని నమోదు చేశారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే స్థిరపడింది. కాబట్టి బోరు నీళ్ళే తన మోకాళ్ళను తినేశాయని మా అమ్మ ఎవరు చెప్పినా వినకుండా నమ్మేది.

చివరకు మేము చూపించుకున్న ఎముకల డాక్టరు మోకాళ్ళతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే రాశారు. "నొస్తున్నది మోకాలైతే చేతికి ఫొటో ఎందుకు సారూ?" అని అమ్మ అడిగింది. "ఫ్లోరైడ్ ముదిరితే ముంజేతి రెండెముకల నడుమ ఉండే పొరకు సున్నం పట్టి తెల్లగ కనబడ్తదమ్మా, నీకు ఆ జాడ లేదు" అని ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించారు. మోకాళ్ళ ఫొటోను మాత్రం అమ్మను నిలబెట్టి తీయించారు. అంతకుముందు వేరొకచోట పడుకోబెట్టి తీసిన ఫిల్మును దాని పక్కన పెడితే, అవి ఇద్దరు మనుషుల కాళ్ళా అనిపించింది. పాత దానిలో తొడ ఎముకకూ కింది ఎముకకూ నడుమ సందు బాగానే కనిపిస్తుంటే, ఒంటి బరువు పడిన కొత్త ఫిల్ములో లోపలి వైపు సందు వెంట్రుకంత సన్నబడి, బయటి వైపు మాత్రమే మిగిలి ఉంది. గుజ్జు ఎక్స్‌రేలో కనబడదు, కనబడేది ఆ సందే. దానిని సరిగ్గా కొలవకుండానే పాతచోట మాకు ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారు. గుజ్జు పెరిగే మందేదైనా రాయమని నేను కోరితే, "అట్లాంటిది ఉంటే ముందు నా మోకాలికే వేసుకుందును" అని ఈ ఎముకల డాక్టరు నవ్వారు.

ఆయన మాట ఉబుసుపోక అన్నది కాదు. గుజ్జులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కణాలు కూడా చాలా తక్కువ. ఒకసారి పాడైన గుజ్జు తిరిగి రాదని విలియం హంటర్ 1743లోనే లండన్‌లో రాశాడు. అణుబాంబు పరీక్షల వల్ల ఒకప్పుడు గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్ళను బట్టి మోకాలి గుజ్జుకు గట్టితనమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ వయసు లెక్కగట్టిన డెన్మార్క్ పరిశోధకులు, పెద్దవాళ్ళయ్యాక అది దాదాపు కొత్తగా తయారు కాదని 2016లో తేల్చారు. అరిగిన మోకాళ్ళలోనూ అదే ఫలితం. స్వీడన్ వైద్యులు 1994లో ప్రకటించిన పద్ధతి, అంటే రోగి గుజ్జు కణాలనే బయట పెంచి తిరిగి నాటడం, ప్రధానంగా దెబ్బ తగిలి ఒకచోట గుంట పడిన పడుచువాళ్ళ మోకాళ్ళకు ఉద్దేశించింది. మీ నాన్నగారిలా కీలంతా అరిగినవారికి కాదు.

ఇక మీకు చెప్పిన కోర్సు సంగతి. రక్తంలోని ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించే ఆ ఇంజెక్షన్‌ను ఆస్ట్రేలియాలో 288 మందిపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు: ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో గానీ గుజ్జులో గానీ మందేమీ లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌కూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు నెలలకోసారి రెండేళ్ళపాటు స్టెరాయిడ్ వేయించుకున్నవారికైతే ఉప్పునీటి వారికంటే గుజ్జు ఎక్కువే తగ్గిందని 2017 నాటి అమెరికా పరీక్ష చెప్పింది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు 1,583 మందిపై జరిగిన పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రలను మించలేదని 2006లో తేలింది. అయినా బస్టాండు గోడల మీదా ఫోన్లలోనూ గుజ్జు పెంచుతామనే ప్రకటనలకు అడ్డు చెప్పేవారు లేరు.

నా ఉద్దేశంలో మా ఊళ్ళలో ఆడవాళ్ళ మోకాళ్ళు అరగడానికి నీళ్ళకంటే గొంతుకూర్చుని కలుపు తీసే కూలిపనే పెద్ద కారణం. ఇక్కడ దానిని లెక్కగట్టినవారు నాకు కనబడలేదు గానీ, బీజింగ్‌లో పడుచు వయసులో ఎక్కువసేపు గొంతుకూర్చున్నవారికి ముసలితనంలో మోకాళ్ళు ఎక్కువగా అరిగాయని అక్కడి పరిశోధకులు చూపించారు. నాకు ఆ సాక్ష్యం చాలు.

గుజ్జులో నరాలు లేవు కనుక నొప్పి పుట్టేది దాని కింది ఎముకలోనూ కీలు లోపలి పొరలోనూ. అందుకే గుజ్జు పెరగకపోయినా నొప్పి తగ్గే దారి ఉంది. మా అమ్మ కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ బిగించి, కాసేపు ఆపి దించే వ్యాయామం రోజూ చేసింది. పీట వదిలి బల్ల దగ్గర నిలబడి కూరగాయలు కోసింది. కొంత బరువు తగ్గింది. కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచిన పరిశోధన ఉంది. ఇప్పుడు ఆమె పాల కేంద్రం దాకా కర్ర లేకుండా వెళ్ళి వస్తుంది.

మీరు ముందుగా నాన్నగారిని నిలబెట్టి రెండు మోకాళ్ళకూ ఎక్స్‌రే తీయించండి. కోర్సుకు అడిగిన డబ్బులో కొంతతో ఇంట్లో కమోడ్ పెట్టించి, మిగిలింది ఫిజియోథెరపిస్టుకు ఇవ్వండి. అంత చేసినా రాత్రిళ్ళు నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, కీలు మార్పిడి గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడండి.