డైపర్ మార్చిన ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టుంది

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. నాకు 31 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాబుకి ఎనిమిదో నెల. పర్యావరణం అంటే నాకు మొదటి నుంచీ పట్టింపు ఎక్కువ. ఇప్పుడు ఇంట్లో పోగయ్యే డైపర్లు, ఆన్‌లైన్ సరుకుల కవర్లు, పొద్దస్తమానం తిరిగే ఏసీ చూస్తుంటే మనసు పీకేస్తోంది. పాత కాటన్ చీరల గుడ్డలు వాడి చూశాను. ఆఫీసు పనితో పాటు అవి ఉతకలేక నెలకే మానేశాను. మొన్న అన్నప్రాసనకి క్యాటరింగ్ వాళ్లు చిన్న వాటర్ బాటిళ్లు పెట్టెలకు పెట్టెలు దించితే, చుట్టాలంతా ఉండగానే లోపలికెళ్లి ఏడ్చేశాను. ‘నువ్వొక్కదానివి మారితే ఏమొస్తుంది’ అంటారు మా ఆయన. అత్తయ్యేమో చాదస్తం అంటారు. బాబు పడుకున్నా నాకు నిద్ర పట్టదు, ఫోన్‌లో అవే వార్తలు చూస్తూ ఉంటాను. ఇలాంటి లోకంలోకి వీడిని తెచ్చి తప్పు చేశానా అనిపిస్తోంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి రెండు మాటలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. చెత్త గురించి తర్వాత మాట్లాడుకుందాం. పిల్లాడు నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అన్నిటికీ తానే కారణమనిపించడం కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లో తరచూ కనిపిస్తాయి. ఇది కాన్పైన కొద్ది వారాల్లోనే రావాలని లేదు, ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. అది మనసుని పట్టినప్పుడు తప్పు చేశానన్న బాధ ఏదో ఒక రూపంలో బయటపడుతుంది. పాలు చాలడం లేదని ఒకరు కుమిలిపోతారు, ఉద్యోగానికి వెళ్తున్నానని ఇంకొకరు. మీకున్న పట్టింపు వల్ల అది డైపర్ల మీదకి వచ్చి ఉండొచ్చు. మీకు డిప్రెషన్ ఉందని ఉత్తరం చూసి తేల్చను. కానీ ఈ వారంలోనే మీ గైనకాలజిస్టుకో, సైకియాట్రిస్టుకో చూపించుకోండి. నిద్ర సంగతి దాచకుండా చెప్పండి. మందు అవసరమైతే, పాలిచ్చే తల్లులు వాడదగ్గవి ఉన్నాయి. ఈలోగా ఏ రాత్రైనా తట్టుకోలేననిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ బాధ సంగతి. అది చాదస్తం కాదు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సర్వేలో మన దేశంతో సహా పది దేశాల్లో పదివేల మంది యువతీయువకులను అడిగితే, సగానికి పైగా వాతావరణ మార్పు తలచుకుంటే తప్పు చేసిన భావన కలుగుతోందన్నారు.

మీ ఆయన మాటలో సగం నిజముంది. మన దేశంలో మనిషికి సగటున ఏటా రెండు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్, అంటే భూమిని వేడెక్కించే వాయువు, లెక్కకొస్తుంది. ప్రపంచ సగటు అంతకు రెట్టింపు పైనే. నగరంలో ఏసీ వాడే కుటుంబాల వాటా మన సగటు కన్నా ఎక్కువే, అది దాచను. అయినా ఎవరి కార్బన్ లెక్క వాళ్లే వేసుకోవాలన్న ఆలోచనని 2000ల్లో పెద్ద ఎత్తున ప్రచారం చేసిన వాళ్లలో బీపీ అనే చమురు కంపెనీ ఉంది. చమురు తీసి అమ్మేవాళ్లు తమ లెక్క పక్కనపెట్టి మీ లెక్క అడిగితే, బాలింత అర్ధరాత్రి కూర్చుని లెక్కలు వేసుకుంటోంది. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంట్లోనూ అదే జరుగుతోంది. గుడ్డలు మానేసింది ‘నేను’ అని రాశారు. అవి ఉతకాల్సింది మీరొక్కరేనని ఎవరు నిర్ణయించారు? పర్యావరణం కోసం ఇంట్లో ఏది మార్చాలన్నా ఆ చాకిరీ ఆడవాళ్ల మీద పడుతుంది, చేయలేకపోతే తప్పూ వాళ్లదే అవుతుంది. పూర్వం గుడ్డలే వాడేవాళ్లని పెద్దవాళ్లు అంటారు. నిజమే, వాటిని ఉతికి ఆరేసింది కూడా వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లే. మీరు ఓడిపోలేదు. ఇద్దరి పని ఒక్కరు చేయబోయారు, అంతే.

కాబట్టి డైపర్లు వాడుకోండి. పగలు అత్తయ్య దగ్గర ఉన్నప్పుడు ఒకటి రెండు గుడ్డలు కట్టగలిగితే కట్టండి, అవి మెషీన్‌లో వేసే పని మీ ఆయనది. వాడిన డైపర్‌లోని మలాన్ని టాయిలెట్‌లో వేసి, చుట్టి, పాత పేపర్‌లో గట్టిగా కట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి చెత్త ఆటోకి విడిగా ఇవ్వండి. ఆ ఆటో మీద నిలబడి చెత్త వేరుచేసే మనిషి చేతులు కాపాడటం డైపర్ మానేయడం కన్నా తక్కువ పనేమీ కాదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు డైపర్ కంపెనీలకూ బాధ్యత పెట్టాయి. రీసైకిల్ అయ్యే సరుకు వాడే మార్గం చూడాలని, లేదా పారేయడానికి ప్యాకెట్‌తో పాటు కవరైనా ఇవ్వాలని అప్పట్లో చెప్పాయి. కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి ఆ కవరు అడగండి.

ఎండాకాలంలో పసివాడికి ఏసీ వేయడం తప్పు కాదు. 26లో పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ లెక్క.

ఇల్లంతటికీ కలిపి ఒక్క పనే పెట్టుకోండి అంటే నేను తడి చెత్త అంటాను. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా చాలా రెట్లు బలమైనది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలైతే తడి చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చాలని ఆ 2016 నియమాల్లోనే చెప్పారు. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాట ఎత్తండి, కానీ మీరు కోలుకున్నాకే. అందాకా మీ ఆయన్ని ఎత్తమనండి. ‘ఒక్కదానివి’ అన్నారుగా, పక్కన నిలబడితే ఇద్దరవుతారు.

అత్తయ్యతో వాదించడం మానేసి పని అప్పగించి చూడండి. వచ్చే పుట్టినరోజు భోజనాలకి స్టీలు గ్లాసులు, నీళ్ల క్యాన్లు, విస్తరాకులు ఎక్కడ దొరుకుతాయో ఆవిడనే అడగండి. చాదస్తం అన్న మనిషే బేరం కూడా ఆడి పెడతారేమో.

పిల్లాడిని కనడం తప్పా అన్న ప్రశ్నకి నా జవాబు: కాదు. ఆ మాట మీ ఆయనకి ఇంతవరకు చెప్పి ఉండరని నా అనుమానం. ఇవాళ రాత్రి బాబు పడుకున్నాక ఫోన్ పక్కనపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్ దగ్గరికి కూడా ఆయన్ని తీసుకునే వెళ్లండి.