లాన్‌లో గుండ్రటి మచ్చలా? మందు కొనే ముందు పొద్దున్నే వెళ్లి చూడండి

లాన్‌లో గడ్డి అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోతోందని, రోజూ సాయంత్రం నీళ్లు పెడుతున్నా మచ్చలు పెరుగుతూనే ఉన్నాయని, ఏ మందు కొట్టాలని అడిగారు. మందు సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ సాయంత్రం నీళ్లు ఆపేయండి. ఈ మచ్చలు ఫంగస్ వల్లయితే, దానికి కావాల్సింది రాత్రంతా ఆకు తడిగా ఉండటమే. తెల్లవారుజామున పెడితే ఎండ రాగానే ఆకు ఆరిపోతుంది. రోజూ పైపైన చల్లే బదులు, వేళ్ల దాకా దిగేలా పెట్టి, మళ్లీ మట్టి ఆరాకే పెట్టండి.

ఇక గుర్తుపట్టడం. మధ్యాహ్నం నిలబడి చూస్తే అన్నీ ఎండిన మచ్చల్లాగే కనిపిస్తాయి. మంచు ఆరకముందే వెళ్లి, మచ్చ నడుమ కాకుండా అంచున, సగం పచ్చగా ఉన్న పరకలు నాలుగైదు తెంపి చూడండి. మా లాన్‌లో మచ్చలు ఐదారు సెంటీమీటర్లకు మించలేదు, మంచు మీద సన్నటి తెల్లటి దారాలు అల్లుకుని ఉండేవి. పరక మీద అడ్డంగా ఎండుగడ్డి రంగు మచ్చ, నడుమ సన్నబడి అచ్చం డమరుకంలా, రెండు వైపులా ఎర్రటి గోధుమ రంగు గీత. దీన్ని డాలర్ స్పాట్ అంటారు. నత్రజని తక్కువై బలహీనపడిన గడ్డికి ఎక్కువగా వస్తుంది. నేను ఏ మందూ కొట్టలేదు. కొద్దికొద్దిగా నత్రజని ఎరువు వేసి, నీళ్ల వేళ మార్చాను. కొత్త ఆకు వచ్చి మచ్చలు కప్పుకుపోయాయి.

అయితే ఇది చదివి వెంటనే యూరియా చల్లకండి! మీ మచ్చలు అడుగు, రెండడుగుల వెడల్పున ఉండి, పొద్దున పూట చుట్టూ పొగ రంగు అంచు కనిపిస్తే అది బ్రౌన్ ప్యాచ్ కావచ్చు. రాత్రి కూడా 20 డిగ్రీల సెల్సియస్ దాటి ఉక్కగా ఉన్నప్పుడు వస్తుంది, నత్రజని ఎక్కువైతే ఇంకా రెచ్చిపోతుంది. ఒకదానికి వైద్యమైన ఎరువే రెండోదానికి మేత. పేరు తెలియకుండా ఏదో ఒకటి చల్లొద్దని నేను పోరేది అందుకే.

నడిస్తే చెప్పులకు నారింజ రంగు పొడి అంటుకుంటే తుప్పు తెగులు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ, గడ్డి ఎదుగుదల పుంజుకుంటే చాలావరకు అదే పోతుంది.

అసలు ఫంగస్ కానివీ ఉంటాయి. మచ్చ చుట్టూ గడ్డి మరీ ముదురు పచ్చగా ఏపుగా ఉంటే కుక్క మూత్రం పోసిందేమో చూడండి. గడ్డి పట్టుకుని లాగితే చాపలా లేచి వస్తే కింద వేరుపురుగులు తింటున్నట్టు. లాన్ అంతా పరకల కొసలు చీలి తెల్లబడితే మోవర్ బ్లేడు మొద్దుబారింది, సాన పట్టించండి. కోసినప్పుడల్లా ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి, తడి గడ్డి మీద మోవర్ నడపకండి.

ఇవన్నీ సరిచేసినా మచ్చలు పాకుతుంటే అప్పుడు మందు. డాలర్ స్పాట్, బ్రౌన్ ప్యాచ్‌లకు ప్రొపికోనజోల్ పనిచేస్తుంది. ఎప్పుడూ అదే కొడితే ఫంగస్ అలవాటు పడిపోతుంది కాబట్టి వేరే రకం మందుతో మార్చి మార్చి వాడండి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే.

పిథియం అనే కుళ్లు తెగులు మాత్రం వేరే కథ. నీరు నిలిచే చోట, నీరు పారిన దారి వెంట గడ్డి నల్లబడి, జిడ్డుగా, పొద్దున దూదిలాంటి బూజుతో ఉంటే అదే. ఇది నిజమైన ఫంగస్ జాతి కాదు, అందుకే ప్రొపికోనజోల్ కొట్టినా లాభముండదు, మెటలాక్సిల్ లాంటిది కావాలి. రోజుల్లో పాకేస్తుంది కనుక ఆగి చూద్దామనుకోకండి. మిగతా వాటిలో మొదలు బతికుంటే గడ్డి మళ్లీ చిగురిస్తుంది. పిథియంలో మొదలే కుళ్లిపోతుంది, ఆ చోట నీరు పోయే దారి చేసి కొత్త గడ్డి వేసుకోవాల్సిందే.