డిగ్రీలో అందరూ చదివే జనరల్ కోర్సుల్లో పాస్ శాతం బాగుంటే, పిల్లలు నేర్చుకున్నట్టేనా?

కాదు, పాస్ శాతం మొత్తం మార్కుల లెక్క. నేర్చుకున్నదాన్ని ఒక్కో అభ్యసన ఫలితానికి, అంటే కోర్సు అయ్యాక విద్యార్థి చేయగలగాల్సిన ఒక్కో పనికి, విడిగా కొలవాలి. ఎందుకంటే ఒక యూనిట్‌లో వచ్చిన మార్కులు ఇంకో యూనిట్‌లోని లోటును కప్పేస్తాయి. నిర్వచనాలు బట్టీపట్టినా గట్టెక్కేయొచ్చు.

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ, పర్యావరణ విద్య, 60 మంది అనుకుందాం. ఆశించిన ఫలితం: నీటి కాలుష్యానికి కారణాన్ని ఆధారంతో చెప్పగలగాలి. దానికి తగిన ప్రశ్న 10 మార్కులకు: నాగావళిలో ఊరికి ఎగువన తీసిన నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 7 మిల్లీగ్రాములు, దిగువన 4, తేడా ఎందుకు? మురుగులోని సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేస్తుందని రాయాలి. 6 మార్కులు దాటాలని, 60 శాతం మంది దాటాలని పరీక్షకు ముందే రాసిపెట్టుకోవాలి. 27 మందే దాటితే ఆ ఫలితాన్ని సాధించింది 45 శాతం మందే. అదే పేపర్లో 54 మంది పాసై, పాస్ శాతం 90 ఉండొచ్చు! ఆ 45 చూశాకే పాఠం ఎక్కడ మార్చాలో తెలుస్తుంది.

ఈ ప్రశ్నకు ఛాయిస్ ఇవ్వొద్దు. ఇస్తే రానివాళ్ళు వదిలేస్తారు, రాసినవాళ్ళ లెక్కే మిగిలి శాతం పెరిగిపోతుంది.

చాలామంది పొరబడేది ఫీడ్‌బ్యాక్ ఫారాల దగ్గర. ‘బాగా అర్థమైంది’ అని టిక్ పెట్టడం విద్యార్థి అభిప్రాయం, పరోక్ష ఆధారం మాత్రమే. రాసిన జవాబే ప్రత్యక్ష ఆధారం.