నీల్ ఐలాండ్ ట్రిప్ కోసం లోన్ తీసుకోవాలా?

కాకినాడ నుంచి ఒక గవర్నమెంట్ టీచర్ గారు రాశారు. వచ్చే ఫిబ్రవరిలో భర్త, ఇద్దరు పిల్లలతో (11, 14 ఏళ్లు) అండమాన్ వెళ్లాలని ఉందట, అందులో మూడు రాత్రులు నీల్ ఐలాండ్‌లో. ప్యాకేజీ వాళ్లు 1,40,000 చెప్పారు. లక్ష పర్సనల్ లోన్ తీసుకుని మిగతా 40,000 ఎమర్జెన్సీకి దాచిన డబ్బులోంచి తీద్దామా అని అడుగుతున్నారు. ఇంటి ఖర్చులన్నీ పోగా నెలకి 14,000 మిగులుతోంది.

నమస్తే అండి. ట్రిప్ తప్పకుండా వెళ్లండి, పిల్లలు ఈ వయసులో ఉన్నప్పుడే వెళ్లాలి. లోన్ మాత్రం వద్దు. లక్షకి 14 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే నెలకి సుమారు 4,800 కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 15,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీకు ఇంకా పది నెలల టైం ఉంది కదా, ఆ తొందర ఎందుకండి. ఎమర్జెన్సీ డబ్బు జోలికి అసలు వెళ్లొద్దు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదే.

ఏప్రిల్‌లో బ్యాంకులో రెండు ఆర్‌డీలు (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్లు) ఓపెన్ చేయండి. ఒకటి నెలకి 7,000 చొప్పున ఆరు నెలలు, ఇది అక్టోబర్‌లో చేతికొస్తుంది, 42,000 ప్లస్ కొంచెం వడ్డీ, దీంతో ఫ్లైట్ టికెట్లు ముందే తీసేసుకోవచ్చు, తక్కువ పడితే ఆ నెల మిగులు కలపండి. రెండోది 5,000 చొప్పున పది నెలలు, 50,000. మొదటిది అయిపోయాక ఖాళీ అయిన 7,000 ని నాలుగు నెలలు సేవింగ్స్‌లో పక్కన పెడితే 28,000. అన్నీ కలిపి 1,20,000, ఇంకా నెలకి 2,000 మీ దగ్గరే ఉంటుంది. పోస్టాఫీస్ ఆర్‌డీ దీనికి పనికిరాదు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండేదాకా మూయనివ్వరు.

మరి 1,40,000 ట్రిప్ 1,20,000 లో ఎలా అంటే, మీరు పంపిన కొటేషన్‌లో నీల్‌లో మూడు రోజులూ కారు, డ్రైవర్ పెట్టారు. నాకు అది నచ్చలేదండి. ఆ దీవి (2018 లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు) ఎంత అనుకున్నారు, ఈ చివర నుంచి ఆ చివరకి సైకిల్ మీద పోవచ్చు. భరత్‌పూర్ బీచ్ జెట్టీ (ఫెర్రీ దిగే చోటు) పక్కనే, నడిచి వెళ్లిపోవచ్చు. అక్కడి నుంచి లక్ష్మణ్‌పూర్ బీచ్ రెండు కిలోమీటర్లు, సీతాపూర్ బీచ్ ఐదు. సైకిళ్లు అద్దెకి దొరుకుతాయి, స్కూటీ అయితే రోజుకి ఐదారు వందలు, హెల్మెట్, లైసెన్స్ మర్చిపోవద్దు.

అక్కడ ప్లాన్ వేయాల్సింది గడియారం చూసి కాదు, ఆటుపోట్లు చూసి. లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన ఉంటుంది, నేచురల్ బ్రిడ్జ్ అంటారు, నీళ్లు తీసినప్పుడే దాని దాకా నడవగలం, రాళ్లూ పగడాలూ జారతాయి కాబట్టి గ్రిప్ ఉన్న చెప్పులు కావాలి. భరత్‌పూర్‌లో గ్లాస్ బోట్‌కి (అడుగున అద్దం ఉన్న పడవ) అయితే నీళ్లు నిండుగా ఉండాలి. ఈ ఆటుపోట్ల టైం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతూ పోతుంది, అమావాస్య పౌర్ణమిలకి నీళ్లు ఇంకా బాగా వెనక్కి తీస్తాయి, కాకినాడ వాళ్లకి నేను చెప్పేదేముంది. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసుకుని మీ తేదీలు పెట్టుకోండి, అప్పుడు ఒకే బీచ్‌కి రెండుసార్లు బోట్ డబ్బులు పెట్టే పని ఉండదు. ఇంకోటి, ఫిబ్రవరిలో అక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. సీతాపూర్‌లో సూర్యోదయం చూడాలంటే పొద్దున్నే లేవాలి, మధ్యాహ్నం ఎండలో పిల్లల్ని తిప్పకండి.

కారు తీసేసి ఖర్చు తగ్గించినా రెండు చోట్ల మాత్రం డబ్బు పెట్టండి, నెలనెలా మీ దగ్గర ఉండే ఆ 2,000 దీనికి వాడుకోవచ్చు. ఒకటి స్కూబా (ఆక్సిజన్ సిలిండర్ లాంటి గాలి సిలిండర్‌తో సముద్రంలో మునగడం), పదేళ్లు దాటారు కాబట్టి మీ పిల్లలిద్దరూ చేయొచ్చు, కాకపోతే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా కవర్ అవుతుందో లేదో చదివి తీసుకోండి, చాలా పాలసీల్లో ఉండదు. రెండోది, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). దీనికి మాత్రం వెనకాడకండి. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, ఫెర్రీ దిగి అదే రోజు ఫ్లైట్ ఎక్కుదాం అనుకుంటే నలుగురి టికెట్లూ పోతాయి. పైగా స్కూబా చేశాక 18 నుంచి 24 గంటల దాకా విమానం ఎక్కకూడదు. ఆ రోజు సెల్యులార్ జైలు చూపించండి, టికెట్ చాలా తక్కువ, పిల్లలు చరిత్ర పాఠం కళ్లారా చూస్తారు.

నీల్‌లో ఏటీఎంలు చాలా తక్కువ, రోజుకి ఇంత అని లెక్కేసి క్యాష్ పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. పగడం ముక్కలు మాత్రం సరదాకి కూడా బ్యాగ్‌లో వేయనివ్వకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద అది నేరం.

ఇప్పుడే ఆ ఏజెంట్‌కి ఫోన్ చేసి నీల్‌లో కారు తీసేసి, పోర్ట్ బ్లెయిర్‌లో చివరి రాత్రి కలిపి మళ్లీ రేటు అడగండి. ఫెర్రీ క్యాన్సిల్ అయితే డబ్బు ఎవరు, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో రాసి పంపమనండి. అది రాకుండా అడ్వాన్స్ కట్టొద్దు.