పిల్లల పంటి పోటు: చీటీలో ఏముండాలి?

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు, బరువు 14 కిలోలు. కింది దవడలో పాలపన్ను పుచ్చింది. రాత్రిళ్లు పోటుకు లేచి ఏడుస్తోంది. నాలుగు నెలల్లో మూడు విడతలు సెఫిక్సిమ్ సిరప్ వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఇంకా పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ ఏదైనా ఉందా?
– ఒక తల్లి, కావలి

జవాబు: పవర్ చాలక కాదు, ఈ నొప్పికి అది మందే కాదు. పుచ్చు లోతుకు దిగితే నరం ఉండే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి పన్ను కాబట్టి వాపుకు చోటు లేక లోపలే ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి పోటు అదే. గుజ్జు చచ్చాక అక్కడికి రక్తమే పోదు, రక్తంతో వెళ్లే మందు మాత్రం ఎలా పోతుంది? మధ్యలో నొప్పి తగ్గడానికి కారణం నరం చావడమో, చీము చిగురులోంచి దారి చేసుకోవడమో అయి ఉంటుంది. పేరు మాత్రం సిరప్‌కు వచ్చింది.

చేయాల్సింది పంటికి వైద్యం. నరం బతికుంటే పాడైన పైగుజ్జు మాత్రం తీసేసే పల్పాటమీ, చచ్చిపోతే శుభ్రం చేసి నింపడం, ఆపైన స్టీల్ క్యాప్. నిలబెట్టలేని పన్నయితే తీసేసి, ఆ చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ పెడతారు. ‘పాలపన్నే కదా, ఊడిపోతుంది’ అని ఊరుకోవద్దు. దవడపళ్లు ఊడేది పది, పన్నెండేళ్లకు.

అప్పటిదాకా నొప్పికి పారాసిటమాల్. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన మీ పాపకు ఒక డోసు సుమారు 200 మిల్లీగ్రాములు: 5 ఎంఎల్‌లో 250 ఉన్న సీసా అయితే 4 ఎంఎల్, 125 ఉన్నదయితే 8 ఎంఎల్. ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. చాలకపోతే డాక్టరును అడిగి ఐబుప్రొఫెన్, అదీ అన్నం తిన్నాకే. వాంతులు, విరేచనాలు ఉన్నా, డెంగీ అనుమానం ఉన్నా అది వద్దు.

చిగురు మీద చిన్న చీముపొక్కు ఉన్నంత మాత్రాన కూడా యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం, బుగ్గ వాపు పాకడం, పిల్ల నీరసపడటం కనిపిస్తే కావాలి. అప్పుడు కూడా పంటి వైద్యంతో పాటే. ముందుగా రాయాల్సింది అమాక్సిసిలిన్: కిలోకు రోజుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములు, మూడు డోసులుగా. 14 కిలోలకు 125 సిరప్ 5 ఎంఎల్ చొప్పున మూడు పూటలు సరిపోతుంది. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందు. మూడో రోజు మళ్లీ చూపించాలి. గాలి తగలని చోట పెరిగే నోటి సూక్ష్మజీవుల మీద సెఫిక్సిమ్‌కు పట్టు తక్కువ. వాపు కంటి దగ్గరికో దవడ కిందికో పాకినా, మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా సిరప్‌లు చూస్తూ కూర్చోకుండా అదే రోజు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: పిల్లల చీటీల్లో ‘సిరప్ 5 ఎంఎల్, మూడు పూటలు’ అని మాత్రమే ఉంటోంది. ఏ సీసా ఇవ్వాలి?
– మెడికల్ షాపు యజమాని, సింగరాయకొండ

జవాబు: ఆ చీటీ సగమే రాసినట్టు. ఊహించి ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. పిల్లల చీటీలో బరువు, డోసు మిల్లీగ్రాముల్లో, సీసా బలం, ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకు, ఎన్ని రోజులు, ఎందుకు అన్నవి ఉండాలి. ఇలాగ: ‘బరువు 14 కిలోలు. పారాసిటమాల్ 250/5 సిరప్, 4 ఎంఎల్ (200 మిల్లీగ్రాములు), నొప్పి ఉంటే ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా, 2 రోజులు.’

అసలు ప్రమాదం డ్రాప్స్‌తో. పారాసిటమాల్ డ్రాప్స్ ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు, 125 సిరప్ ఒక ఎంఎల్‌లో 25. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎంఎల్ పోస్తే 500 మిల్లీగ్రాములు పడినట్టే. 250కి బదులు 125 ఇస్తే సగం డోసే పడుతుంది. నొప్పి తగ్గక తల్లి గంటకే మళ్లీ పోస్తుంది. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, అందుకే కొలత మూతో సిరంజో చేతికివ్వండి. అమాక్సిసిలిన్ పొడి సీసాకు కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా కుదిపి, తర్వాత గీత వరకు పోయాలి. ఒకేసారి గీతదాకా పోస్తే నురగ దిగాక మందు గీత కిందే ఉంటుంది. కలిపాక ఏడు రోజులకు పారేయాలి.

నొప్పికి, జ్వరానికి వాడే నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011 నుంచి నిషేధం. సెఫిక్సిమ్ 2014 నుంచి హెచ్1 జాబితాలో, అంటే అమ్మకం లెక్క రాసిపెట్టాల్సిన మందుల జాబితాలో, ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, రిజిస్టరు మూడేళ్లు దాచాలి. మీకిది తెలియదని కాదు, కౌంటర్ దగ్గర ఒత్తిడి ఎలా ఉంటుందో తెలిసే గుర్తు చేస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ చుక్కలు వేయించాలా?
– ఒక తండ్రి, కనిగిరి

జవాబు: వద్దు. మీ వైపు బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. ముందు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి, వంటకు ఆర్వో నీళ్లే వాడండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు, మూడేళ్లలోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. మింగకుండా ఉమ్మేయించండి.