పక్క చాళ్ల లెక్కా, పాత ఏళ్ల లెక్కా?

ప్రశ్న: సార్, నేను గుంటూరులో ఫార్మసీ చదువుతున్నాను. మా నాన్నగారు ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేస్తారు, గట్ల మీద గడ్డికి గ్లైఫోసేట్ కొట్టించేవారు. 1983లో ఆ మందు పెట్టిన చిట్టెలుకల్లో కిడ్నీ కణితులు కనిపించాయని, పాత పరీక్షల కంట్రోల్ (మందు పెట్టని ఎలుకల) లెక్కలు చూపించి అది మామూలేనని వాదించారని చదివాను. పరీక్షలోనే కంట్రోల్ ఎలుకలు ఉండగా పాత లెక్కలెందుకు? తప్పించుకోడానికే కదా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: మీ అనుమానం సబబే. అలా వాడుకునే వీలు ఉంది కాబట్టే ఆ లెక్కల్ని ఎలా చదవాలో తెలియాలి.

మీ నాన్నగారినే అడగండమ్మా. కొత్త మందు పనిచేసిందో లేదో చూడాలంటే అదే చేలో రెండు చాళ్లు మందు కొట్టకుండా వదిలేసి వాటితో పోలుస్తారు గానీ, నాలుగేళ్ల కిందటి దిగుబడి తెచ్చి పోల్చరు. ఈ ఏడు పడిన వానా, పట్టిన నల్ల తామర పురుగూ అన్ని చాళ్లకీ ఒకటే కదా. ఎలుకలకీ అంతే. మామూలుగా ఒక్కో గుంపులో మగవి 50, ఆడవి 50 ఉంటాయి, మూడు గుంపులకి మూడు మోతాదులు, నాలుగో దానికి మందు ఉండదు. ఆ నాలుగో గుంపే మన వదిలేసిన చాళ్లు, మొదటి మాట ఎప్పుడూ దానిదే.

కానీ 50 చాలా చిన్న సంఖ్య. మీరు చెప్పిన పరీక్షలో మగ చిట్టెలుకల కిడ్నీ కణితులు మొదట లెక్క తేలింది ఇలా: మందు లేని గుంపులో 0, తక్కువ మోతాదులో 0, మధ్య మోతాదులో 1, ఎక్కువ మోతాదులో 3. మొదటి గుంపునీ చివరి గుంపునీ మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. మందుకి ఏ పాపమూ తెలియకపోయినా ఆ మూడు కణితులూ మందు వైపే పడే అవకాశం ఎనిమిదింట ఒకటి, అంటే టాస్ వేస్తే మూడుసార్లూ బొమ్మే పడినట్టు. అప్పుడే పాత లెక్క అడగాల్సొస్తుంది, ఈ జాతి చిట్టెలుకకి ఈ కణితి మామూలుగా ఎంత అరుదు అని. బాగా అరుదైతే రెండు మూడు కణితులకే గట్టిగా అనుమానించాలి. అంటే పాత లెక్క మందుని కాపాడటమే కాదు, పట్టిస్తుంది కూడా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పద్ధతిలో నూటికి ఒకటికి మించి రాని కణితిని అరుదైనదిగా లెక్కేసి, దాని విషయంలో తక్కువ రుజువుకే జాగ్రత్త పడతారు.

ఇదే పరీక్షని చూసి 1985లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ గ్లైఫోసేట్‌ని మనుషుల్లో కేన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. తర్వాత ఆ కిడ్నీ స్లైడ్లు మళ్లీ మైక్రోస్కోపు కింద పెడితే మందు లేని గుంపులోనూ ఒక కణితి ఉందన్నారు, అది కణితా కాదా అని నిపుణులే వాదులాడుకున్నారు. 1991లో ఈపీఏ వర్గం మార్చి, మనుషుల్లో కేన్సర్ తేదనడానికి ఆధారం ఉందంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ బహుశా కేన్సర్ కారకం అంటే, అదే ఏడాది ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా ఆ ప్రమాదం ఉండకపోవచ్చు అంది. మైనంలో పోసి, పలచటి పొరలుగా కోసి, రంగు అద్దిన ఒక్క ముక్క దగ్గర సున్నా ఒకటైతే ఎంత గొడవో చూశారుగా.

అందుకే పాత లెక్కలు కూడా అదే జాతివి, వీలైతే అదే ల్యాబువి, దగ్గరి సంవత్సరాలవి కావాలి. తేజ మిర్చి ఘాటు పెట్టి ఎల్‌సీఏ 334 రకం మిర్చిని కొలవం కదా. ఫిషర్ 344 జాతి మగ ఎలుకలు ముసలివయ్యేసరికి దాదాపు అన్నింటికీ వృషణాల్లో కణితులు వస్తాయి, వేరే జాతిలో అలా రావు. తిండి తిన్నంత పెట్టినా కణితులు పెరుగుతాయి. ఏళ్లు గడిస్తే స్లైడు చూసేవాళ్లు కణితికి పెట్టే పేరు కూడా మారిపోతుంది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది "పాత పరిధిలోనే ఉంది" అన్న మాట, అంటే పాత పరీక్షల్లో వచ్చిన అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్యే ఉందని. 20 పాత పరీక్షల్లో 19 సున్నాలు, ఒక్కదాంట్లో 3 ఉందనుకోండి, పరిధి 0 నుంచి 3 అయిపోతుంది! పరీక్షలు పెరిగేకొద్దీ ఆ పరిధి సాగుతుందే గానీ తగ్గదు. కాబట్టి ఏ నివేదిక చదివినా ఒక్కో పాత పరీక్షలో ఎన్ని వచ్చాయో ఆ పట్టిక ఉందేమో వెతకండి. అది లేకుండా పరిధి ఒక్కటే రాసి ఊరుకుంటే నేనైతే నమ్మను.